సాపు మేస్త్రి పూడ్చిన సొట్ట

సాపు మేస్త్రికి ఒక జబ్బుంది, మందు లేని జబ్బు. ఎక్కడ గరుకు కనబడినా అతని చెయ్యి ఊరుకోదు. మొదటిసారి అత్తవారింటికి వచ్చిన రోజున అందరూ కబుర్లలో ఉంటే తను కుర్చీ చేతి మీద లేచిన పేడును గోటితో గీకుతూ కూర్చున్నాడు. లేచి వెళ్ళేసరికి ఆ కుర్చీ నున్నగా తయారైంది గానీ ఎవరితోనూ నాలుగు మాటలు కలిసింది లేదు. "పిల్లవాడు మంచివాడే, కాకపోతే సామాన్లతో మాట్లాడతాడు" అని మామగారు నవ్వి పెళ్ళి ఖాయం చేశాడు. సాపు మేస్త్రి అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. లేతు పనిలో ఆ వీధి మొత్తానికి అంత చెయ్యి తిరిగినవాడు లేడు గనక పేరు అలాగే నిలిచిపోయింది.

వీధి వైపు గదిలో లేతు కొట్టు. వెనక మూడు గదుల్లో మేస్త్రి, అతని భార్య, అత్తగారు. మామగారు పోయి నాలుగేళ్ళయింది. కొట్టు పక్క సందులోంచి ఇంట్లోకి వెళ్ళే గుమ్మానికి ఒక సిమెంటు మెట్టు, ఆ మెట్టు మూలన తలుపు గాలికి కొట్టుకోకుండా ఆనించిన ఫిరంగి గుండు. మోకాలెత్తు ఇత్తడి గొట్టం, బరువు కోసం లోపల ఇసుక. వాళ్ళు గుండు అంటారు గానీ అసలు గుండు ఏనాడో ఎగిరిపోయింది. ఇది దాని వెనకాల మందు కూరే తొడుగు. ముప్పై ఏళ్ళుగా అది ఆ మూలనుంచి కదలలేదు. కాలి చిటికెన వేలు దానికి కొట్టుకుని కుయ్యోమననివాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ఆ గుండుకో కథ ఉంది. మామగారు వయసులో ఉన్నప్పుడు ఫిరంగి దళంలో వంటవాడు. కొలువు వదిలి వచ్చే చివరి రోజున ఫిరంగి వాళ్ళు ఆయన్ని పిలిచి, ఇన్నాళ్ళు మాకు వండి పెట్టావు, ఒక్కసారి నువ్వూ పేల్చు అని తాడు చేతికిచ్చారట. ఈయన లాగాడట. పేలిందట. ఆ తొడుగే గుర్తుగా ఇచ్చి పంపారట. ఇన్ని అటలు ఎందుకంటే, ఆ కథ నమ్మినవాడు ఒక్కడూ లేడు గనక. అందరికంటే ముందు నమ్మనిది ఆయన సొంత తమ్ముడు. "మా అన్న చేతిలో గరిటె చూశాం గానీ ఫిరంగి తాడు ఎవరు చూశారు? పాతసామాను కొట్లో తూకానికి కొనుక్కొచ్చాడు" అని ఏ నలుగురు చేరినా అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అత్తగారూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పోనుపోను మామగారు ఆ కథ చెప్పడమే మానేశాడు.

పోయిన నెల ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఆ తమ్ముడు మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. ఈసారి అత్తగారు నవ్వలేదు. తింటున్న చెయ్యి ఆపి, "పోయిన మనిషిని కూడా వదలవా మరిదీ" అని లేచిపోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు కూతుర్ని, అల్లుణ్ణి కూర్చోబెట్టి చెప్పింది.

"పాత ఫిరంగి గుళ్ళు పోగుచేసేవాళ్ళుంటారట. వాళ్ళ కోసం చూసి వెలకట్టే ఆవిడ ఒకావిడ ఉందట. రమ్మని కబురు పెట్టాను. నాకు వెల అక్కర్లేదు, అమ్మేదీ లేదు. ఇది పేలిన గుండేనని ఒక్క ముక్క రాసిస్తే చాలు. చట్రం కట్టించి ఆయన ఫోటో కింద పెడతాను. లేదా, కాదని రాసిందనుకో, ఇక మీ చిన్నమామయ్య నోరు మూయించడం నా తరం కాదు."

మేస్త్రి చిన్నప్పుడే తల్లి పోయినవాడు, పద్దెనిమిదేళ్ళుగా ఈవిడ చేతి అన్నం తింటున్నాడు. ఆవిడ కోసం ఏదైనా చెయ్యాలి అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అన్నారా?

మదింపు ఆవిడ వచ్చే ముందురోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు బజారుకెళ్ళారు. మేస్త్రి గుండును ఎత్తుకొచ్చి కొట్లో పెట్టాడు. ఇసుక వంపాడు. తీరా చూస్తే పక్కలు చిలుము పట్టి, అడుగు మాడిన మూకుడులా ఉంది. వెలకట్టే మనిషి వస్తుంటే ఇలాగా చూపించేది? నిమ్మచెక్క, బూడిద పెట్టి తోమాడు. పక్కలు తళతళలాడాయి. అడుగు మాత్రం లొంగలేదు. లేతు మీద ఎక్కించి పలచగా ఒక్క కోత పెట్టాడు. నలుపు పోయింది. నలుపుతో పాటు అక్కడ ఏవో అక్షరాలు, ఏవో గీతలు ఉంటే అవీ పోయాయి. గీతలే కదా అనుకున్నాడు.

ఇక అడుగు నడిమధ్యన, నాణెమంత బిళ్ళ మీద, ఒక సొట్ట కనిపించింది. కందిగింజ పట్టేంత సొట్ట. మిగతా అడుగంతా అద్దంలా ఉంటే నడుమ అదొక్కటీ మశూచి మచ్చలా ఉంది. మేస్త్రి చెయ్యి ఊరుకుంటుందా? అతుకు గట్టిగా పట్టాలని ముందు డ్రిల్లుతో దాని గోడలు శుభ్రంగా గీకాడు, ఇత్తడి కరిగించి నింపాడు, మళ్ళీ సాపు చేశాడు. వేలితో తడిమితే అతుకెక్కడో అతనికే తెలియలేదు. ఇసుక పోసి, తెచ్చి మూలన పెట్టాడు.

పెట్టగానే అది ఊగింది.

ముప్పై ఏళ్ళు రాయిలా నిలబడ్డ గుండు ఆ సాయంత్రం వేలు తగిలితే చాలు ఇటూ అటూ టకటకమంది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. తన చేతి పని ఊగడమా? మూలమట్టం పెట్టి చూశాడు. గుండు అడుగు వెంట్రుకవాసి తేడా లేదు. అయితే తప్పు నేలదే అనుకున్నాడు. బజారు నుంచి వచ్చిన అత్తగారు దాన్ని చూసి, మెరుపుకు కళ్ళు చికిలించి, "ఎంత బాగా చేశావు బాబూ" అంది. ఆ ఒక్క మాటకి అతను రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మదింపు ఆవిడ పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. ముప్పై ఏళ్ళు ఆయుధాల గిడ్డంగిలో పనిచేసి దిగిన మనిషి. మెడలో తాడు కట్టిన కళ్ళజోడు, సంచిలో భూతద్దం, కొలబద్దలు, తెల్లటి చేతితొడుగులు. ఆవిడకంటే ముందే చిన్నమామగారు, అదే మామగారి తమ్ముడు, వచ్చి ముందుగది కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పిలవని పేరంటానికి మొదట వచ్చేది ఆయనే.

మేస్త్రి గుండును తెచ్చి బల్ల మీద పెట్టాడు. మదింపు ఆవిడ ముట్టుకోకుండా ఒక్క చూపు చూసి, "ఎవరు తోమారు?" అంది.

"నేనేనండీ" అన్నాడు మేస్త్రి ఉత్సాహంగా.

"ఎందుకు తోమారు?"

ఆవిడ చేతితొడుగులు వేసుకుంటూ తనే చెప్పింది. "ఇత్తడికి పట్టిన నలుపే దాని వయసు. పోగుచేసేవాళ్ళు కొనేది ఆ నలుపుని. తోమిన రోజున సగం వెల పోయినట్టే. సరేలెండి, పక్కలు ఎవరైనా తోముతారు. మనిషికి ముఖం ఎలాగో దీనికి అడుగు అలాగ. తయారైన ఏడాది, కార్ఖానా గుర్తు, కొలత అన్నీ అక్కడే ఉంటాయి. తిప్పండి."

ఇసుక వంపి తిప్పారు. గదిలో వాళ్ళ నీడలన్నీ ఆ అడుగులో కనబడ్డాయి. మదింపు ఆవిడ భూతద్దం పెట్టి చూసింది, తీసి చూసింది, కిటికీ దగ్గరికి మోయించి చూసింది. అక్షరాల తాలూకు దయ్యాల్లాంటి మరకలు తప్ప ఏమీ చదవడానికి లేదు. చివరికి బిళ్ళ మీద వేలుపెట్టి రుద్దింది.

"అమ్మా, ఫిరంగి పేలాలంటే సూది వచ్చి ఈ బిళ్ళ మీద కొట్టాలి. కొడితే సొట్ట పడుతుంది. సొట్ట ఉంటే పేలినట్టు, లేకపోతే పేలనట్టు. దీనికి సొట్ట లేదు. గిడ్డంగిలో మందు తీసేసి పాతసామానుకి అమ్మేసిన తొడుగులు ఇలాగే ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. పేలిందని నేను రాయలేను."

"నేనేమైనా అన్నానా" అన్నాడు చిన్నమామగారు గోడకేసి. అత్తగారు కూర్చున్నచోటే ఇంకాస్త చిన్నదైపోయినట్టు కనిపించింది. మేస్త్రి భార్య తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

మేస్త్రి పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉంది. చెప్తే అత్తగారి దగ్గర పద్దెనిమిదేళ్ళ పరువు పోతుంది. చెప్పకపోతే చచ్చిపోయిన మామగారి పరువు పోతుంది. తనను ఒక్క చూపులో అర్థం చేసుకుని పిల్లనిచ్చిన మనిషి ఆయన.

"సొట్ట ఉండేదండీ" అన్నాడు. "నేనే పూడ్చాను."

అందరూ అతనివైపు తిరిగారు. భార్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. మదింపు ఆవిడ మళ్ళీ భూతద్దం పెట్టి, ఈసారి ఏం వెతకాలో తెలుసు గనక, రంగులో రవ్వంత తేడా పట్టుకుంది. "ఔను, పూడ్చారు. మా బాగా పూడ్చారు కూడా. ఏం పూడ్చారు? సూది దెబ్బా, మేకు దెబ్బా, చిల్లా?"

"సొట్టేనండీ, కందిగింజంత."

"దాన్ని తవ్వితే కింద ఆనవాలేమైనా ఉంటుందా?"

"ఉండదండీ" అన్నాడు మేస్త్రి నేల చూపులతో. "నింపేముందు డ్రిల్లు పెట్టి శుభ్రం చేశాను."

మదింపు ఆవిడ నిట్టూర్చి చేతితొడుగులు విప్పింది. "బాబూ, నేను వెళ్ళే ప్రతి ఇంట్లోనూ మా తాతే పేల్చాడంటారు. నేను మాట మీద రాయను, లోహం మీద రాస్తాను. మీరు లోహంలో ఏమీ మిగల్చలేదు. ఇప్పుడు దీని వెల పాత ఇత్తడి తూకమే."

మేస్త్రి అత్తగారి వైపు చూశాడు. ఆవిడకు మామూలుగా అతను 'బాబూ', 'నువ్వు'. కోపం వస్తే మాత్రం ఆవిడ తిట్టదు, మర్యాద పెంచుతుంది. "అల్లుడుగారూ" అంది ఆవిడ మెల్లగా, "మీరు చాలా కష్టపడ్డారు. కనీసం అది ఊగకుండా చూడండి. పొద్దుటినుంచి టకటకమని ప్రాణం తీస్తోంది."

దీనికంటే చెంప మీద కొట్టినా హాయిగా ఉండేది. మేస్త్రి ఉలి, సుత్తి తీసుకుని గుమ్మం దగ్గరికి పోయాడు. లోపల భార్య వచ్చినావిడకు టీ పెడుతోంది. బస్సుకింకా ముప్పావుగంట ఉంది. చిన్నమామగారు బిస్కెట్లు అడుగుతున్నాడు.

మూలన గుండు నిలబడే చోట గుండ్రటి గాడి ఉంది. అది కొత్త సంగతేం కాదు. ఆ మెట్టు పోసిన రోజు సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే మామగారు గుండును మోసుకొచ్చి దాని మీద నిలబెట్టాడని, కొత్త మెట్టు పాడుచేశాడని అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదని మేస్త్రి చాలాసార్లు విన్నాడు. ఆ గాడిలో ముప్పై ఏళ్ళ మట్టి గడ్డకట్టి ఉంది. ఇంతకాలం నడవగా మెట్టు తక్కిన భాగమంతా అరిగింది గానీ, గుండు కూర్చున్న చోటు మాత్రం ఎవరి కాలూ పడక అలాగే ఉంది. గుండును ఊపుతున్నదేదో నడుమనే ఉంది. వేలితో తడిమితే చిన్న బుడిపె తగిలింది. దీని పని చెప్పాలనుకుని ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు.

కొట్టలేదు. ఎందుకంటే సాపు మేస్త్రి మట్టి ఉన్నచోట ఉలి పెట్టడు. ముందు శుభ్రం చెయ్యాలి, అది అతని పద్ధతి. సుత్తి పక్కన పెట్టి ఇనుప కుంచె తెద్దామని లేచి, సిమెంటు గీరుకుపోతుందని మనసు మార్చుకుని, మెత్తటి కుంచెతో నీళ్ళు చల్లి తోమాడు. మట్టి కరిగింది. గుడ్డతో ఒత్తాడు.

బుడిపె బయటపడింది. కందిగింజంత. గుండ్రంగా, నున్నగా. దాని చుట్టూ వరసగా అక్షరాలు, అయితే అన్నీ ఎడమా కుడీ మారిపోయి ఉన్నాయి. మేస్త్రి ఉలిని దూరంగా, చాలా దూరంగా, సందు అవతలికి విసిరేశాడు. లేతు మేస్త్రికి అచ్చు అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? గుండు మీద సొట్ట ఉంటే సిమెంటు మీద బుడిపె వస్తుంది. ముప్పై ఏళ్ళూ ఆ బుడిపె ఆ సొట్టలో ఇమిడి కూర్చుంది. సొట్ట పూడ్చాక దానికి చోటు లేక గుండు ఊగుతోంది. ఊగి ఊగి వాళ్ళకు చెబుతూనే ఉంది.

"ఏమండీ మదింపుగారూ, ఒక్కసారి రండి" అన్నాడు.

ఆవిడ టీ గ్లాసుతోనే వచ్చింది. చూసింది. గ్లాసు ఎక్కడ పెట్టిందో తర్వాత వెతుక్కోవాల్సి వచ్చింది. మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, కొలబద్ద తీసి బుడిపె వెడల్పు, ఎత్తు కొలిచి, "మేకు దెబ్బయితే మొన తేలి ఉండేది. ఇది సూది దెబ్బే. పేలింది" అంది. తర్వాత "అద్దం తెండమ్మా, చేతి అద్దం" అంది. మేస్త్రి భార్య పరుగున తెచ్చింది. అద్దంలో అక్షరాలు సరిగ్గా నిలబడ్డాయి. కార్ఖానా గుర్తు, కొలత, ఏడాది. మామగారు కొలువులో చేరిన ఏటికి సరిగ్గా ముందటి ఏడు.

"ఇన్నేళ్ళలో ఎన్నో తొడుగులు చూశాను" అంది మదింపు ఆవిడ. "తనకు తాను మెట్టు మీద సాక్ష్యం రాసుకున్నది ఇదొక్కటే."

చిన్నమామగారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "సరే, పేలిందే అనుకోండి. ఎవరు పేల్చారో ఏం తెలుసు? ఎవడో పేల్చినదాన్ని కొట్లో కొని ఉండొచ్చుగా."

అది మాత్రం కాదనలేని మాట. మదింపు ఆవిడ అద్దం కొంచెం వంచింది, వెలుతురు పక్కనుంచి పడేలాగ. అప్పుడు అక్షరాలకు లోపల, బుడిపె పక్కన, వెంట్రుకలా సన్నటి గీత ఒకటి తేలింది. ఒక పొడుగు గీత, దాని చివర ఒక గుండ్రం.

"ఇదేమిటి?" అంది ఆవిడ తనలో తనే. మరుక్షణం నవ్వింది. "అమ్మా, మీ ఆయన దళంలో ఏం పని చేసేవారన్నారు?"

"వంట" అంది అత్తగారు.

"గరిటెమ్మా ఇది. ఫిరంగి వాళ్ళకు ఒక అలవాటుండేది. బయటివాడెవడైనా మొదటిసారి తాడు లాగితే, ఆ తొడుగు అడుగున వాడి పనిముట్టు బొమ్మ మేకుతో గీసి ఇచ్చేవాళ్ళు. మంగలి పేలిస్తే దువ్వెన, దర్జీ పేలిస్తే కత్తెర. మా గిడ్డంగికి అలాంటివి రెండు వచ్చాయి. పాతసామాను కొట్లో కొనుక్కున్నవాడికి గరిటె ఎవరు గీసిస్తారు? మీ ఆయనే పేల్చారు. రాస్తాను. ఎంత పెద్ద అక్షరాలతో కావాలంటే అంత పెద్ద అక్షరాలతో రాస్తాను."

అత్తగారు మెట్టు మీద కూలబడింది. వంగి, చూపుడు వేలితో ఆ గీతను మొదటినుంచి చివరిదాకా తడిమింది. ఆవిడ ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది.

"ఆ రోజు సిమెంటు ఆరాక గుండు పక్కకు జరిపి పిలిచాడు" అంది. "ఒక్కసారి వచ్చి చూడవే, అచ్చు ఎంత బాగా పడిందో అన్నాడు. నాకు పని ఉంది, నీ మెట్టు నువ్వే చూసుకో అన్నాను. మళ్ళీ అడగలేదు. దాన్ని అక్కడే పెట్టేశాడు. నేనూ నమ్మలేదు మరిదీ. నువ్వు పైకన్నావు, నేను నవ్వాను. తేడా అంతే."

చూపించొచ్చుగా అంటారేమో మీరు. ఒకసారి ఇంట్లోవాళ్ళే నవ్విన మనిషి సాక్ష్యాలు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరగడు. చిన్నమామగారు తనూ కిందకు వంగాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు గనక ముక్కు సిమెంటుకు ఆనేంత వంగి చూశాడు. "గరిటే" అన్నాడు. "అన్న గరిటే వదినా." ఆ తర్వాత ఆయన బిస్కెట్ల మాట ఎత్తలేదు.

మదింపు ఆవిడ మెట్టు మీదే కాగితం పెట్టి రాసింది. వెల కింద మాత్రం ఇబ్బంది పడింది. "గుండు ఒక్కటే అయితే మీ అల్లుడుగారి దయవల్ల ఇత్తడి తూకం. మెట్టుతో కలిపి అయితే నేను కట్టగలిగిన వెలల్లో ఇదే పెద్దది. రెండూ విడదీయకూడదని రాశాను. మరి ఎవరైనా కొంటే మెట్టు పెకలించాలి."

"పెకలిస్తే మేం ఇంట్లోకి ఎగిరి వెళ్ళాలా?" అంది మేస్త్రి భార్య. అందరూ నవ్వారు. మదింపు ఆవిడ బస్సు ఎప్పుడో పోయింది. భోజనం చేసి వెళ్ళమన్నారు, ఉండిపోయింది.

భోజనాలయ్యాక మేస్త్రి గుండులో ఇసుక పోసి తెచ్చి దాని చోట నిలబెట్టాడు. టకటకమంది. బుడిపెను ముట్టుకోకూడదు. గుండుకే మళ్ళీ సొట్ట తీస్తే? రెండు నిమిషాల పని, కొలత కూడా ఉంది, చక్కగా ఇమిడిపోతుంది. అతని చేతులు అప్పుడే డ్రిల్లు కోసం దురద పెట్టాయి. అత్తగారు వెనకనుంచి చూస్తూనే ఉంది.

"వద్దు బాబూ" అంది. "ఊగనీ. ముప్పై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పుకోనీ."

మేస్త్రి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. తర్వాత ఎన్ని గాలులు వచ్చినా, తలుపు కదిలినప్పుడల్లా ఆ గుండు టకటకమంటూనే ఉంది, అతను దాన్ని సాపు చెయ్యలేదు.